పసివాడి జుట్టు, బాబాయి కత్తెర

గత సంచికలో ఫ్రాంకుల రాజ్యాల గురించి నేను రాసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. 5వ శతాబ్దం చివర గాల్ దేశాన్ని (ఇంచుమించు నేటి ఫ్రాన్స్) గెలుచుకున్న ఫ్రాంకు రాజు క్లోవిస్ మొదలు 9వ శతాబ్దంలో షార్లమేన్ మనుమల దాకా, రాజు కన్ను మూసినప్పుడల్లా కొడుకులు రాజ్యాన్ని పంచుకున్నారనీ, ఆ పంపకాల వెంట అన్నదమ్ముల పోరు, అన్నదమ్ముల బిడ్డల హత్యలు నడిచాయనీ అందులో రాశాను. ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న వేశాయి: అలా జరగకపోయి ఉంటే? ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

జవాబులకు ముందు నేను పెట్టుకున్న నియమం చెప్పాలి. ఒక్క సంఘటనను మాత్రమే మారుస్తాను. అది ఒక జబ్బు కావచ్చు, ఒక కత్తిపోటు కావచ్చు. మనుషుల స్వభావాలను, వాళ్ల అలవాట్లను మార్చను. అవి ఎంతదూరం తీసుకువెళితే అంతవరకే నడుస్తాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను సివిల్ వ్యాజ్యాలు చూసే న్యాయవాదిని. పంపకాలు ఎన్ని కుటుంబాలను విడదీస్తాయో నిత్యం చూస్తుంటాను. క్లోవిస్ 511లో చనిపోయినప్పుడు రాజ్యం నలుగురికి కాకుండా పెద్దకొడుకు ఒక్కడికే దక్కి ఉంటే ఆ రక్తపాతం తప్పేది కదా? సాలిక్ చట్టం అడ్డం వచ్చిందా?

జవాబు: చట్టం అడ్డు రాలేదండీ. దొంగిలించిన పందికి ఎంత జరిమానా, చంపిన మనిషికి ఎంత పరిహారం అని లెక్క కట్టే ఫ్రాంకుల పాత చట్టం అది. వారసత్వం గురించిన భాగంలో సాలిక్ భూమి ఆడవాళ్లకు చెందదని ఉంది గాని, సింహాసనం ఊసే లేదు. దాన్ని కిరీటానికి ముడిపెట్టింది ఎన్నో వందల ఏళ్ల తర్వాత ఫ్రెంచి రాజుల తరఫున వాదించినవాళ్లు.

ఇక పెద్దకొడుకు మాట. క్లోవిస్ పెద్దకొడుకు థ్యూడెరిక్. క్లోటిల్డ్ రాణిని పెళ్లాడకముందు మరో స్త్రీకి పుట్టినవాడు. తండ్రి బతికుండగానే సేనను నడిపి ఓవెర్న్ ప్రాంతాన్ని గెలిచినవాడు. క్లోటిల్డ్ కొడుకులు ముగ్గురు: క్లోడోమిర్, చిల్డెబెర్ట్, క్లోథార్. సర్వస్వం థ్యూడెరిక్‌కు పోయి ఉంటే ఈ ముగ్గురూ ఏం చేసేవారు? చేతులు కట్టుకుని కూర్చునేవారని నేను అనుకోను. వాళ్ల వెనుక తల్లి ఉంది, ఆమె పరివారం ఉంది, తమ యువరాజు రాజైతే భూములు వస్తాయని కాచుకుని ఉన్న యోధులు ఉన్నారు. పంపకం వల్ల ఆ యోధులందరికీ తలా ఒక కొలువు దొరికింది. రేమ్స్, ఓర్లియాన్, పారిస్, స్వాసోన్ అనే నాలుగు రాజధానులను పటంలో చూడండి. పారిస్ నుంచి మిగిలిన మూడూ 150 కిలోమీటర్ల లోపే. దేశాన్ని నాలుగు దేశాలుగా చీల్చాలనుకున్నవాళ్లు రాజధానులను అంత దగ్గరగా పెట్టుకోరు. ఒకే ఇంట్లో నాలుగు పొయ్యిలు వెలిగించుకున్నారంతే.

రక్తం చిందింది పంపకం నాడు కాదు, ఆ తర్వాత 13 ఏళ్లకు. 524లో బర్గండీ మీద యుద్ధంలో, వెజెరోన్స్ దగ్గర, క్లోడోమిర్ చనిపోయాడు. అతని ముగ్గురు పసివాళ్లను నాయనమ్మ క్లోటిల్డ్ తన దగ్గర పెంచుతోంది. బాబాయిలు చిల్డెబెర్ట్, క్లోథార్ కలిసి, పట్టాభిషేకం చేస్తామని చెప్పి పిల్లలను తమ దగ్గరికి పంపించమన్నారు. పిల్లలు చేతికి చిక్కాక ఆమెకు ఒక కత్తెర, ఒక కత్తి పంపారు. జుట్టు కత్తిరించి బతకనివ్వాలా, చంపాలా చెప్పమన్నారు. రాజ్యానికి రాకపోతే జుట్టు తీసిన మనుమలకంటే చచ్చిన మనుమలే నయమని ఆ దుఃఖంలో ఆమె నోరు జారింది. పదేళ్లవాణ్ణి క్లోథార్ తన చేతులతో పొడిచాడు. ఏడేళ్లవాడు చిల్డెబెర్ట్ కాళ్లను పట్టుకున్నాడు. చిల్డెబెర్ట్ ఏడ్చాడు, వీణ్ణి వదిలేయమని బతిమాలాడు. క్లోథార్ వినలేదు. మూడోవాడు క్లోడోఆల్డ్ తప్పించుకుని, తన జుట్టు తానే కత్తిరించుకుని మతాచార్యుడయ్యాడు. ఇదంతా అదే శతాబ్దంలో టూర్ నగర బిషప్ గ్రెగరీ రాసి పెట్టాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పట్టేసేది.

నా దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. తెలుగులో పాఠం చెప్పాలంటే ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అని తేల్చుకోనిదే పెదనాన్న అనాలో బాబాయి అనాలో తెలియదు. అందుకని ప్రతి ఫ్రాంకు రాజు పక్కన అన్నదమ్ముల వరస రాసుకునేదాన్ని. క్రమంగా ఇంకో వరస చేరింది: తండ్రి చనిపోయే నాటికి కొడుకు వయసెంత? క్లోడోమిర్ పిల్లల పక్కన పది, ఏడు అని ఉంది. ఆ తర్వాత పదేళ్లకు థ్యూడెరిక్ చనిపోయినప్పుడు కూడా అదే బాబాయిలు అదే పని చేయబోయారు. కాని కొడుకు థ్యూడెబెర్ట్ అప్పటికే సేనానాయకుడు. తండ్రి యోధులకు కానుకలిచ్చి తన వైపు నిలుపుకున్నాడు. బాబాయిలు వెనక్కి తగ్గారు. తనకు కొడుకులు లేరంటూ చిల్డెబెర్టే ఆ తర్వాత అతణ్ణి దత్తు తీసుకున్నాడు కూడా. రెండు ఇళ్లలో పంపకం పద్ధతి ఒక్కటే. మారింది వయసు. కాబట్టి నన్ను ఒక్కటి మార్చమంటే క్లోవిస్ పంపకాన్ని ముట్టుకోను. వెజెరోన్స్‌లో క్లోడోమిర్‌ను మరో పదేళ్లు బతికిస్తాను. ఓర్లియాన్‌లో ఒక రాజవంశం నిలబడేది. చివరికి 558లో మొత్తం రాజ్యం క్లోథార్ ఒక్కడి చేతికి వచ్చింది కదా, అది బహుశా జరిగేది కాదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జుట్టు కత్తిరిస్తే రాజ్యార్హత పోతుందంటే వింతగా ఉంది. జుట్టు మళ్లీ పెరుగుతుంది కదా?

జవాబు: పెరుగుతుందమ్మా. పెరిగింది కూడా. మెరొవింజియన్ వంశంలో, అంటే క్లోవిస్ వంశంలో, పుట్టినవాడికి పొడవాటి జుట్టే కిరీటం. 1653లో తుర్నే పట్టణంలో క్లోవిస్ తండ్రి చిల్డెరిక్ సమాధి బయటపడింది. అందులోని బంగారు ఉంగరం మీద రాజు బొమ్మ ఉంది: చేతిలో బల్లెం, భుజాల మీద పడే జుట్టు. ఉంగరాన్ని 1831లో పారిస్‌లో దొంగలు ఎత్తుకుపోయారు, అచ్చులు మాత్రం మిగిలాయి.

నీ సందేహానికి సరైన ఉదాహరణ గుండోవాల్డ్. తాను క్లోథార్ కొడుకునని చెప్పుకున్నాడు. తల్లి అతనికి జుట్టు పెంచింది. క్లోథార్ వీడు నా కొడుకు కాడని కత్తిరించాడు. మళ్లీ పెరిగింది. క్లోథార్ కొడుకు సిగిబెర్ట్ రాజు మళ్లీ కత్తిరించి కొలోన్‌కు పంపాడు. అక్కడి నుంచి ఇటలీకి, కాన్‌స్టాంటినోపుల్‌కు చేరి, జుట్టు పెంచుకుని, తిరిగివచ్చి, 584లో రాజునని ప్రకటించుకున్నాడు. 585లో చంపేశారు. పెరిగేదాకా ఆగగలిగినవాడికి కత్తెర ఒక వాయిదా మాత్రమే. పిల్లవాడికి మఠం తలుపు మూసుకుపోయేది, అదే తేడా. 751లో చివరి మెరొవింజియన్ రాజు మూడో చిల్డెరిక్ జుట్టు తీసి మఠానికి పంపినప్పుడు మాత్రం, అది పెరిగేదాకా అతని కోసం ఎదురుచూసేవారు ఎవరూ మిగల్లేదు.

ప్రశ్న: నమస్తే అండీ. గత వ్యాసంలో బ్రూన్‌హిల్డ్ రాణి చావు గురించి మీరు రెండు వాక్యాలే రాశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె భర్త సిగిబెర్ట్ 575లో హత్యకు గురి కాకపోయి ఉంటే ఆమెకు ఆ గతి తప్పేదా?

జవాబు: రెండు వాక్యాలతో సరిపెట్టడం నా తప్పే. ఇప్పుడు సరిదిద్దుకుంటాను.

బ్రూన్‌హిల్డ్ స్పెయిన్‌నేలిన విసిగోతు రాజు కూతురు. ఫ్రాంకుల తూర్పు రాజ్యమైన ఆస్ట్రేసియా రాజు సిగిబెర్ట్‌ను పెళ్లాడింది. ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన గాల్స్‌వింథాను సిగిబెర్ట్ సవతి సోదరుడు చిల్పెరిక్ చేసుకున్నాడు. కొద్దికాలానికే గాల్స్‌వింథా పడకలో గొంతు నులిమి చంపబడింది. చిల్పెరిక్ ఆ వెంటనే ఫ్రెడెగుండ్‌ను రాణిని చేసుకున్నాడు. రెండిళ్ల మధ్య పగ అక్కడ మొదలైంది. 575లో సిగిబెర్ట్ దాదాపు గెలిచేశాడు. చిల్పెరిక్ తుర్నేలో ఇరుక్కున్నాడు. అతని మనుషులే సిగిబెర్ట్‌ను విట్రీ దగ్గర డాలు మీద ఎత్తి రాజుగా ప్రకటించారు. ఆ గుంపులోనే, ఫ్రెడెగుండ్ పంపిన ఇద్దరు విషం పూసిన కత్తులతో అతణ్ణి పొడిచారు.

ఆ కత్తులు గురి తప్పి ఉంటే చిల్పెరిక్ కథ ముగిసేది. అతనికి 584లో పుట్టిన, తాత పేరే పెట్టుకున్న క్లోథార్ పుట్టేవాడే కాదు. బ్రూన్‌హిల్డ్‌ను చంపించింది ఆ క్లోథారే. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు అవును, ఆ చావు తప్పేది. కాని నన్ను ఎక్కువగా వేధించే మలుపు అది కాదు. 613.

అప్పటికి బ్రూన్‌హిల్డ్ డెబ్బై ఏళ్లకు దగ్గర పడింది. కొడుకు పోయాడు. పాత రాజుల పేర్లే పెట్టుకున్న మనుమలు ఇద్దరూ ఒకరితో ఒకరు యుద్ధం చేసుకున్నారు. 612లో బర్గండీ రాజు థ్యూడెరిక్ తన అన్న థ్యూడెబెర్ట్‌ను ఓడించి ఆస్ట్రేసియాను కూడా కలుపుకున్నాడు. మిగిలింది ఫ్రెడెగుండ్ కొడుకు క్లోథార్ ఒక్కడే. 600లో డోర్మెల్ యుద్ధం తర్వాత అతనికి సెన్, వాజ్ నదులకూ సముద్రానికీ మధ్య పన్నెండు జిల్లాలు మాత్రమే మిగిల్చారు. 613లో థ్యూడెరిక్ అతని మీదకు సేనను కదిలించాడు. ఆ దండయాత్ర మొదట్లోనే మెట్జ్ నగరంలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. వయసు 26 ఏళ్ల లోపే.

నలుగురు కొడుకులు, అందరూ పసివాళ్లే. న్యాయవాదిగారూ, ఇక్కడ మీరూ వినాలి. బ్రూన్‌హిల్డ్ ఈసారి రాజ్యాన్ని నలుగురికి పంచలేదు. పదకొండేళ్ల పెద్దవాడు సిగిబెర్ట్ ఒక్కణ్ణే రాజును చేసింది. మీరు కోరినట్టు ఒకే వారసుడు. ఏమైంది? వేర్వేరు కొలువులు ఏర్పడితే తమకు పదవులు వస్తాయని చూస్తున్న ప్రభువులు ఈ ముసలి రాణి పాలన ఇంకా కొనసాగితే మాకేమి మిగులుతుందని లెక్క వేసుకున్నారు. ఆస్ట్రేసియాలో ఆర్నుల్ఫ్, పెపిన్ అనే ఇద్దరు ప్రభువులు క్లోథార్‌ను పిలిచారు. రాజకొలువును నడిపే ప్రాసాదాధిపతి వర్నకార్ లోలోపల చేతులు కలిపాడు. యుద్ధానికి నిలబడిన సేనలు కత్తి దూయకుండా వెనక్కి తిరిగాయి.

సిగిబెర్ట్‌నూ మరో తమ్ముణ్ణీ క్లోథార్ చంపించాడు. ఒకడు పారిపోయాడు, వాడి ఆచూకీ మళ్లీ లేదు. మెరొవెక్ అనేవాడు మాత్రం బతికాడు, ఎందుకంటే వాడి జ్ఞానస్నానంలో క్లోథారే జ్ఞానతండ్రి. బ్రూన్‌హిల్డ్ మీద మోపిన నేరం పదిమంది రాజుల మరణానికి కారణమైందని. ఆ పదిమందిలో, కొద్దిసేపటి క్రితం క్లోథార్ తాను చంపించిన పిల్లలను కూడా చేర్చాడు! మూడు రోజులు హింసించి, ఒంటె మీద ఊరేగించి, చివరికి జుట్టు, ఒక చేయి, ఒక కాలు మదపుటశ్వం తోకకు కట్టి తోలారు.

థ్యూడెరిక్ ఆ జబ్బు నుంచి కోలుకుని ఉంటే? క్లోథార్ పన్నెండు జిల్లాల సేనతో అతని ముందు నిలబడలేడు. బ్రూన్‌హిల్డ్ పక్క మీద కన్నుమూసేది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఆర్నుల్ఫ్ కొడుకుకూ, ఆ పెపిన్ కూతురికీ పెళ్లయింది. షార్లమేన్ ఆ ఇంటివాడే. 613లో సరైన సమయానికి పక్షం మార్చినందుకే ఆ రెండు కుటుంబాలూ పైకి వచ్చాయి. థ్యూడెరిక్ బతికితే వాళ్లు కుట్రదారులుగా మిగిలేవారు, లేదా పేరు లేకుండా పోయేవారు. కరొలింజియన్ వంశమంతా ఒక యువకుడి కడుపునొప్పి మీద నిలబడి ఉందని నేను నమ్ముతాను.

ఒకసారి పారిస్ పక్కన ఉన్న సెయింట్ డెనిస్ బసిలికాలో ఫ్రెడెగుండ్ సమాధి పలకను చూశాను. ఆమె పోయిన 500 ఏళ్ల తర్వాత చెక్కింది. రంగురాళ్లతో కిరీటం ఉంది, వస్త్రం మడతలు ఉన్నాయి. ముఖం చోట మాత్రం నున్నటి ఖాళీ. ఆమె 597లో తన పడకలో, సహజంగా చనిపోయింది. చాలాసేపు ఆ ఖాళీ ముందు నిలబడి నేను రెండో రాణి గురించే ఆలోచించాను.

ప్రశ్న: మేడమ్ గారూ, షార్లమేన్‌కు కార్లొమన్ అని తమ్ముడు ఉండేవాడని మీ వ్యాసంలోనే మొదటిసారి తెలిసింది. అతను చిన్నవయసులో చనిపోకపోతే షార్లమేన్ చక్రవర్తి అయ్యేవాడా?

జవాబు: కాడని నా అభిప్రాయం. కారణం భూగోళంలో ఉంది.

768లో తండ్రి పెపిన్ చనిపోయాక అక్టోబరు 9న ఒకే రోజు అన్న చార్లెస్ నోయోన్‌లో, తమ్ముడు కార్లొమన్ స్వాసోన్‌లో పట్టాభిషిక్తులయ్యారు. చార్లెస్ అంటే తర్వాత షార్లమేన్ అని పిలవబడినవాడు. పంపకం చాలా చిత్రమైనది. చార్లెస్ వాటా చంద్రవంకలా బయటి వైపు చుట్టుకుని ఉంది: అట్లాంటిక్ తీరం, ఉత్తరం, రైన్‌కు ఆవలి ప్రాంతాలు. కార్లొమన్ వాటా లోపలి ముద్ద: బర్గండీ, ప్రొవాన్స్, అలమానియా. అంటే ఇటలీకి వెళ్లే ఆల్ప్స్ కనుమలు తమ్ముడి వైపు ఉన్నాయి. అన్న వాటాకు ఎదురుగా ఉన్నది సాక్సన్ల దేశం.

అన్నదమ్ములకు పడలేదు. 769లో అక్విటేన్ తిరుగుబాటు మీదకు వెళుతూ చార్లెస్ సాయం అడిగితే కార్లొమన్ కలిసి మాట్లాడి, వెనక్కి వెళ్లిపోయాడు. 770లో తల్లి బెర్ట్రాడా పెద్దకొడుకుకు ఇటలీలోని లోంబార్డ్ రాజు డెసిడేరియస్ కూతురుతో పెళ్లి కుదిర్చింది. ఏడాది తిరిగేసరికి చార్లెస్ ఆ అమ్మాయిని పుట్టింటికి పంపేశాడు. యుద్ధం తప్పదనుకుంటున్న ఆ సమయంలో 771 డిసెంబరు 4న సమౌసీ రాజగృహంలో కార్లొమన్ జబ్బు చేసి చనిపోయాడు. వయసు 20. చార్లెస్ వెంటనే కోర్బెనీ వచ్చాడు. తమ్ముడి ప్రముఖులలో చాలామంది అక్కడే అతనికి విధేయత చెప్పారు. కార్లొమన్ భార్య గెర్బెర్గా ఇద్దరు పసివాళ్లను తీసుకుని, కొద్దిమందితో ఆల్ప్స్ దాటి డెసిడేరియస్ దగ్గరికి పారిపోయింది.

షార్లమేన్ జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్ ఆమె ఏ కారణమూ లేకుండా పారిపోయిందని రాశాడు. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. కారణం లేకపోవడమేమిటి? పెదనాన్న చేతికి చిక్కిన పసివాళ్లు ఏమవుతారో ఆ దేశంలో రెండున్నర శతాబ్దాలుగా అందరికీ తెలుసు. ఆమె డిసెంబరు చలిలో పిల్లలతో కొండలు దాటింది ఆ భయంతోనే.

కార్లొమన్ మరో ఇరవై ఏళ్లు బతికాడనుకుందాం. 772లో మొదలైన సాక్సన్ యుద్ధం ఎలాగూ జరిగేది, అది చార్లెస్ సరిహద్దు కాబట్టి. కాని సగం సేనతో. మొత్తం బలగంతోనే దానికి ముప్పై ఏళ్లు పట్టింది. 773లో చార్లెస్ సేనలు మోన్ సెనీ, గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమల నుంచి ఇటలీలోకి దిగాయి. తమ్ముడు బతికుంటే ఆ దారి అతన్ని అడిగి తీసుకోవాలి. 774లో లోంబార్డ్ రాజధాని పావియా పతనం ఉండదు, లోంబార్డ్ కిరీటం ఉండదు. ఆ రెండూ లేకుండా 800లో రోమ్‌లో చక్రవర్తి పట్టాభిషేకం నాకు కనిపించదు. కార్లొమన్ చనిపోయే నాటికి కొడుకులు పెద్దవాళ్లై ఉంటారు, సొంత యోధులు ఉంటారు. రెండు శాఖలు, రెండు రాజ్యాలు నిలిచేవి.

ఇంకొక చిన్న మలుపు కూడా ఉంది. ఆ పిల్లలను ఫ్రాంకు రాజులుగా అభిషేకించమని డెసిడేరియస్ పోప్ హాడ్రియన్‌ను ఒత్తిడి చేశాడు. హాడ్రియన్ ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే, చార్లెస్ దగ్గర తప్పనిసరై చేరిన కార్లొమన్ మనుషుల్లో కొందరు మనసు మార్చుకునేవారు. అలా జరగలేదు. వెరోనాలో తల్లీపిల్లలు చార్లెస్‌కు లొంగిపోయారు. ఆ తర్వాత వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చంపారని లేదు, మఠంలో పెట్టారని లేదు. నా నోటుపుస్తకంలో ఆ ఇద్దరి వరస అక్కడే ఆగిపోయింది.

ప్రశ్న: 841లో ఫాంటెనాయ్ యుద్ధంలో షార్లమేన్ మనుమడు లోథార్ తన తమ్ముళ్ల మీద గెలిచి ఉంటే ఫ్రాన్స్, జర్మనీ ఒకే దేశంగా ఉండేవా?

జవాబు: ఎక్కువకాలం ఉండేవి కావు. షార్లమేన్ మునిమనుమడు లావు చార్లెస్ చేతికి వరస మరణాల వల్ల 885 నాటికి సామ్రాజ్యం దాదాపు మొత్తం మళ్లీ ఒక్కటిగా వచ్చింది. 887లో అతణ్ణి దించేశారు. వెంటనే ఒక్కో ప్రాంతం తన రాజును తాను ఎన్నుకుంది. లోథార్ గెలిచినా అదే, కొంచెం ఆలస్యంగా.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన గణితం ఉపాధ్యాయుణ్ణి. మీ వ్యాసాలంటే గౌరవం ఉంది. కాని జరగని చరిత్ర గురించి ఇంత శ్రమ ఎందుకు? జరిగినదాన్ని తెలుసుకోవడానికే ఆయుష్షు చాలదు కదా.

జవాబు: మాస్టారూ, మీ మాటను తేలికగా తీసుకోలేదు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

జరగని చరిత్రను షార్లమేన్ స్వయంగా రాయించాడు. 806 ఫిబ్రవరి 6న థియోన్‌విల్‌లో, తన తర్వాత రాజ్యం ముగ్గురు కొడుకులకు ఎలా చెందాలో శాసనం చేశాడు. ఫ్రాంకుల పాత భూములు, సాక్సనీ వంటివి పెద్దవాడు చార్లెస్‌కు, ఇటలీ, బవేరియా పెపిన్‌కు, అక్విటేన్, ప్రొవాన్స్ వంటివి లూయీకి. ఇటలీలో ఉన్న సోదరుడికి సాయం వెళ్లడానికి చార్లెస్‌కు ఆవోస్టా లోయ, లూయీకి సూసా లోయ అని కనుమలు కూడా కేటాయించాడు. తమ్ముడితో తనకు ఎదురైన చిక్కు తన బిడ్డలకు రాకూడదని ఆ ముసలి తండ్రి ఆలోచించినట్టు నాకు తోస్తుంది. పెద్దవాడు ముందు పోతే అతని వాటాను మిగిలిన ఇద్దరూ, ఒకప్పుడు తానూ కార్లొమన్ పంచుకున్నట్టే పంచుకోవాలని రాయించాడు. తమ్ముడి పేరు ఆ శాసనంలో ఉంది, తమ్ముడి పిల్లల మాట లేదు.

పద్దెనిమిదో అధ్యాయం చూడండి మాస్టారూ. నా మనుమలలో ఎవరి మీదనైనా నేరం మోపితే, సరైన విచారణ లేకుండా చంపకూడదు, అవయవాలు తీయకూడదు, కళ్లు పీకకూడదు, ఇష్టం లేకుండా జుట్టు తీయకూడదు అని తండ్రి తన కొడుకులను ఆదేశించాడు. బాబాయిలు ఏం చేస్తారో తెలిసినవాడు, తాను కూడా ఒకరికి పెదనాన్న అయినవాడు రాయించిన మాటలివి.

శాసనం అమలు కాలేదు. పెపిన్ 810 జులైలో, చార్లెస్ 811 డిసెంబరులో చనిపోయారు. చార్లెస్ పోయిన తేదీ డిసెంబరు 4, సరిగ్గా నలభై ఏళ్ల కిందట కార్లొమన్ పోయిన తేదీ. 814లో షార్లమేన్ పోయేసరికి ఆ శాసనంలోని ముగ్గురు కొడుకులలో మిగిలింది లూయీ ఒక్కడే. ఆ ఇద్దరూ బతికుంటే లూయీ అక్విటేన్‌లో మఠాలను సంస్కరించుకుంటూ మంచి రాజుగా మిగిలేవాడు. పెపిన్ కొడుకు బెర్నార్డ్‌కు తండ్రి తర్వాత ఇటలీ దక్కేది. రాజు కొడుకును ఆ ప్రజలు కోరుకుంటే బాబాయిలు, పెదనాన్నలు అడ్డు చెప్పకూడదని కూడా అదే శాసనంలో ఉంది.

జరిగింది వేరు. తాత షార్లమేన్ బెర్నార్డ్‌ను ఇటలీకి రాజును చేశాడు. కాని 817లో లూయీ కొత్త శాసనం చేశాడు. సామ్రాజ్యం చీలకూడదు, పెద్దకొడుకు లోథార్ సహచక్రవర్తి, మిగిలిన కొడుకులు అతనికి లోబడాలి. ఇటలీ లోథార్‌కు లోబడి ఉంటుందని రాశారు, బెర్నార్డ్ పేరు ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ల యువకుడు భయపడ్డాడు, తిరగబడ్డాడు, బలం చాలక షాలోన్ వచ్చి బాబాయి కాళ్ల మీద పడ్డాడు. మరణశిక్ష వేసి, దయతలచామంటూ దాన్ని కళ్లు పీకడంగా తగ్గించారు. 818 ఏప్రిల్ 17న, ఆ గాయాలతో చనిపోయాడు. ఆ తర్వాత లూయీ తన చిన్న సవతి తమ్ముళ్లు ముగ్గురి జుట్టు తీయించి మఠాలకు పంపాడు. 822లో అటిన్యీలో అందరి ముందు పశ్చాత్తాపం ప్రకటించాడు. అప్పటికి ఆలస్యమైపోయింది.

మీరు గణితం చెప్పినవారు. ఒక లెక్కకు జవాబు ఒక్కటే అయినా, విద్యార్థి ఏ మెట్టు దగ్గర దారి తప్పాడో చూడడానికి మీరు కాగితం మొత్తం చదివేవారు. 806 శాసనం నాకు ఆ కాగితం. 817లో ఏది తుడిచేశారో అది పక్కన పెట్టుకుని చదివితేనే తెలుస్తుంది. ఏకైక సామ్రాజ్యం కోసం చేసిన శాసనమే ఒక పిల్లవాడి కళ్లు తీసింది. గొడ్డలితో ముక్కలు చేసినట్టు కనిపించే పాత పంపకమే వాడికి చోటిచ్చింది. జరగనిదాన్ని చూడకుండా ఈ సంగతి నేను కనిపెట్టి ఉండేదాన్ని కాను.

బెర్నార్డ్‌కు ఒక పసికొడుకు ఉన్నాడు, పేరు పెపిన్. వాణ్ణి ఎవరూ ముట్టుకోలేదు. వాడి సంతతి ఉత్తర ఫ్రాన్స్‌లో వెర్మాండోయ్ ప్రభువులయ్యారు. 923లో లూయీ మునిమనుమడు, రాజు చార్లెస్‌ను బంధించి, 929లో పెరోన్‌లో చనిపోయేదాకా చెరలో ఉంచిన ప్రభువు హెర్బెర్ట్, బెర్నార్డ్‌కు మునిమనుమడు.